ఎక్స్‌కోడ్ బిల్డ్ సెట్టింగ్స్ గిట్‌లో ఎక్కడుంటే మేలు: పీబీఎక్స్‌ప్రోజ్‌లోనా, ఎక్స్‌సీకాన్ఫిగ్‌లోనా, ఎక్స్‌కోడ్‌జెన్‌కి వదిలేయాలా?

ఎక్స్‌కోడ్ అంటే ఐఫోన్ యాప్‌లు రాసే టూల్, బిల్డ్ సెట్టింగ్స్ అంటే యాప్‌ను ఎలా తయారుచేయాలో దానికి చెప్పే విలువలు, గిట్ అంటే టీమంతా తమ కోడ్ మార్పులను దాచి కలుపుకునే చోటు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఒక సాయంత్రం నా సీటు దగ్గరికొచ్చి, "అక్కా, మెయిన్ మెర్జ్ చేసుకున్నాను, ఇప్పుడు ప్రాజెక్టే తెరుచుకోవట్లేదు" అన్నాడు. పక్కన కూర్చుని చూస్తే ప్రాజెక్ట్ ఫైల్ నిండా <<<<<<< గుర్తులు. ఇద్దరు ఒకే చోట చేసిన మార్పులను గిట్ తనంతట కలపలేకపోతే (దాన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటారు) అవి పడతాయి. అతను కలిపింది రెండు కొత్త స్క్రీన్లు మాత్రమే. అదే సమయానికి వేరొకరు బిల్డ్ సెట్టింగ్స్ మార్చారు. ఇద్దరం కలిసి గంటసేపు సరిచేశాం, ప్రాజెక్ట్ తెరుచుకుంది, బిల్డ్ అయింది, హమ్మయ్య అనుకున్నాం.

అసలు దెబ్బ రిలీజ్ తర్వాత తగిలింది. క్రాష్ రిపోర్టుల్లో ఫంక్షన్ పేర్లకు బదులు ఉత్త మెమరీ అడ్రస్‌లు వస్తున్నాయి. ఆ సాయంత్రం కాన్‌ఫ్లిక్ట్ తీసేటప్పుడు డీబగ్ (మేం పరీక్షించుకునే బిల్డ్) బ్లాక్‌లో ఉండాల్సిన డీబగ్ ఇన్ఫర్మేషన్ లైను రిలీజ్ (యూజర్లకు వెళ్లే బిల్డ్) బ్లాక్‌లోకి వెళ్లింది. దాంతో డీసిమ్ ఫైల్, అంటే ఆ అడ్రస్‌లను ఫంక్షన్ పేర్లుగా మార్చేది, తయారవడం ఆగిపోయింది. కంపైలర్ దీనికి ఎర్రర్ ఇవ్వదు. టెస్టులు పాసవుతాయి. రివ్యూలో నేనే అప్రూవ్ చేశాను. ఆ డిఫ్‌ను (మారిన లైన్ల జాబితాను) నేను చూశానే గానీ చదవలేదు, చదవడానికి వీలయ్యే డిఫ్ కాదది.

అందుకే ఈ మూడు పద్ధతులనూ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను. ఒక సెట్టింగ్ మారితే, ఏది మారిందో, ఎందుకు మారిందో రివ్యూ చేసేవాళ్లకు కనబడుతుందా?

ముందు పీబీఎక్స్‌ప్రోజ్ సంగతి. ఎక్స్‌కోడ్ మామూలుగా అన్నీ దాచుకునేది ఇందులోనే, పైన ప్రాజెక్ట్ ఫైల్ అన్నది దీన్నే. మ్యాక్ ఓఎస్‌కి పునాది అయిన నెక్స్ట్‌స్టెప్ రోజుల నాటి ప్రాపర్టీ లిస్ట్ ఫార్మాట్, ప్రతి వస్తువుకీ 24 అక్షరాల హెక్సాడెసిమల్ ఐడీ. పాత పద్ధతి గ్రూపుల్లో ఒక్క స్విఫ్ట్ ఫైల్ కలిపితే నాలుగు చోట్ల లైన్లు చేరతాయి: ఫైల్ రిఫరెన్స్‌లో, బిల్డ్ ఫైల్స్‌లో, గ్రూపులో, సోర్సెస్ ఫేజ్‌లో. ఇద్దరు ఒకే ఫోల్డర్‌లో ఫైళ్లు కలిపారంటే కాన్‌ఫ్లిక్ట్ దాదాపు ఖాయం. సెట్టింగ్స్ భాగంలో డీబగ్, రిలీజ్ బ్లాకులు కవలపిల్లల్లా ఉంటాయి. బ్లాక్ పేరు పైన ఒకసారి, కింద ఒకసారి కనబడుతుంది, మధ్యలో పదుల కొద్దీ లైన్లు. కాన్‌ఫ్లిక్ట్ ఆ మధ్యలో వచ్చిందంటే మనం ఏ బ్లాక్‌లో ఉన్నామో పైకి ఎక్కి చూసుకోవాల్సిందే.

దీనికి చాలామంది చెప్పే చిట్కా, ఏ ఫైల్‌ను ఎలా చూడాలో గిట్‌కి చెప్పే గిట్ యాట్రిబ్యూట్స్‌లో ఈ ఫైల్‌కి యూనియన్ మెర్జ్ పెట్టడం. అంటే రెండు వైపుల లైన్లనూ ఉంచేయమని చెప్పడం. ఫైళ్ల జాబితా వరకు చాలాసార్లు పని చేస్తుంది. సెట్టింగ్స్ విషయంలో మాత్రం నేను వద్దంటాను. ఒకరు మినిమమ్ ఐఓఎస్ వెర్షన్ 16 అని, ఇంకొకరు 17 అని మార్చితే రెండు లైన్లూ అలాగే మిగులుతాయి, గిట్ ఒక్క మాట కూడా అనదు. కాన్‌ఫ్లిక్ట్ కనబడితే కనీసం మనిషి ఆగి చూస్తాడు.

ఇందులో ఇంకో లోటు ఉంది, నాకు అన్నింటికన్నా పెద్దది అదే: కామెంట్ నిలవదు. ఆ ఫైల్‌లో కనబడే కామెంట్లన్నీ ఎక్స్‌కోడ్ తనకు తాను రాసుకున్నవి. మీరు ఒకటి రాస్తే, మళ్లీ సేవ్ చేసినప్పుడు కొట్టుకుపోతుంది.

2024లో వచ్చిన ఎక్స్‌కోడ్ 16 ఈ కాన్‌ఫ్లిక్ట్‌ల బాధను సగం తగ్గించింది. గ్రూపు స్థానంలో డిస్క్ మీది ఫోల్డర్‌నే వాడుకోవచ్చు, లోపలి ఫైళ్లను ఒక్కొక్కటిగా ప్రాజెక్ట్ ఫైల్‌లో రాయదు. అలా మార్చిన ప్రాజెక్ట్ ఎక్స్‌కోడ్ 15లో తెరుచుకోదు కాబట్టి టీమంతా, సీఐ మెషీన్‌తో (ప్రతి మార్పునూ తనంతట బిల్డ్ చేసి పరీక్షించేది) సహా, ఒకేసారి మారాలి. ఒకే టార్గెట్ (ప్రాజెక్ట్‌లోంచి తయారయ్యే యాప్ లాంటి ఒక్కో ముక్క), ఇద్దరు డెవలపర్లు ఉన్న యాప్ అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు.

ఇక ఎక్స్‌సీకాన్ఫిగ్. సాదా టెక్స్ట్ ఫైల్, లైనుకొక సెట్టింగ్, మధ్యలో సమానం గుర్తు. అన్ని కాన్ఫిగరేషన్లకూ ఉమ్మడిది ఒకటి, డీబగ్‌కి ఒకటి, రిలీజ్‌కి ఒకటి పెట్టుకుని, ఉమ్మడిదాన్ని మిగతా రెండింట్లో ఇంక్లూడ్ చేస్తాం. ఇప్పుడు మా రిలీజ్ ఫైల్‌లో డీసిమ్ లైనుకి పైన ఇలా ఉంటుంది:

// క్రాష్ రిపోర్టుల్లో ఫంక్షన్ పేర్లు రావాలంటే ఇది ఉండాలి. తీసే ముందు టీమ్‌లో అడగండి.

ఎవరైనా దాన్ని మారిస్తే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును రివ్యూకి పెట్టే పేజీలో) ఫైల్ పేరు రిలీజ్ అని కనబడుతుంది, ఒకే లైను ఎర్రగా ఒకే లైను ఆకుపచ్చగా ఉంటుంది, పక్కనే కారణం ఉంటుంది. మా ఆండ్రాయిడ్ వాళ్లకు గ్రేడిల్ అనే వాళ్ల బిల్డ్ టూల్‌తో మొదటి నుంచీ ఉన్న సుఖం ఇదే.

అయితే దీని గుంటలు దీనికున్నాయి. మొదటిది ప్రాధాన్య క్రమం. టార్గెట్ స్థాయిలో ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉన్న విలువ, టార్గెట్‌కి తగిలించిన ఎక్స్‌సీకాన్ఫిగ్ విలువ మీద నెగ్గుతుంది. దాని తర్వాతే ప్రాజెక్ట్ స్థాయి విలువ, ఆ తర్వాత ప్రాజెక్ట్ ఎక్స్‌సీకాన్ఫిగ్. అంటే ఫైల్‌లోకి మార్చాక పాత విలువను బిల్డ్ సెట్టింగ్స్ స్క్రీన్‌లో డిలీట్ చేయకపోతే, మీరు రాసింది అక్కడ బొమ్మలా కూర్చుంటుంది. ఎవరైనా అలవాటుకొద్దీ స్క్రీన్‌లో నొక్కి మార్చినా అంతే, ఆ మార్పు ప్రాజెక్ట్ ఫైల్‌లోకి పోయి మీ ఫైల్‌ను మూసేస్తుంది. లెవెల్స్ వ్యూ పెట్టుకుంటే ఏ స్థాయిలో ఏ విలువ ఉందో వరుసగా కనబడుతుంది. మా సీఐలో ఒక చిన్న స్క్రిప్ట్ ప్రాజెక్ట్ ఫైల్‌లోని బిల్డ్‌సెట్టింగ్స్ బ్లాకులు ఖాళీగా ఉన్నాయో లేదో చూస్తుంది, లేకపోతే బిల్డ్ ఆపేస్తుంది. ఆ స్క్రిప్ట్ లేకుండా ఈ పద్ధతి నెల నిలవదు.

రెండోది, రెండు స్లాష్‌లు పడితే అక్కడి నుంచి కామెంట్ అనుకుంటుంది. సర్వర్ యూఆర్‌ఎల్ రాస్తే కోలన్ దాకా మిగిలి మిగతాది మాయమవుతుంది. స్లాష్‌ల మధ్య ఖాళీ వేరియబుల్ పెట్టి /$()/ అని రాయాలి. మొదటిసారి చూసినవాళ్లకు వింతగా ఉంటుంది కాబట్టి దానికీ ఒక కామెంట్ రాయండి.

ఒక్కొక్కరికీ వేరుగా ఉండాల్సిన డెవలప్‌మెంట్ టీమ్ ఐడీ లాంటివి గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఉన్న లోకల్ ఫైల్‌లో పెట్టి, ఇంక్లూడ్ పక్కన ప్రశ్నార్థకం తగిలించండి, ఆ ఫైల్ లేకపోయినా ఎక్స్‌కోడ్ గొడవ చేయదు. రహస్య కీలు మాత్రం ఇందులో పెట్టొద్దు. అవి ఇన్ఫో ప్లిస్ట్ (యాప్ వివరాల ఫైల్) ద్వారా యాప్‌లోకి చేరితే ఐపీఏ (యాప్ ప్యాకేజ్) విప్పినవాళ్లెవరైనా చదువుకుంటారు.

ఇక మూడో పద్ధతి, ఎక్స్‌కోడ్‌జెన్. ప్రాజెక్ట్ మొత్తాన్ని ఒక యామల్ ఫైల్‌లో (మనిషి చదవగలిగే టెక్స్ట్ ఫార్మాట్) రాస్తారు, ప్రాజెక్ట్ ఫైల్ దాన్నుంచి పుడుతుంది, దాన్ని గిట్‌లో పెట్టరు. అదే దారిలో ట్యూయిస్ట్ ఉంది, అందులో యామల్‌కి బదులు స్విఫ్ట్‌లోనే రాస్తారు కాబట్టి తప్పు రాస్తే కంపైలర్ పట్టేస్తుంది. ప్రాజెక్ట్ ఫైల్ కాన్‌ఫ్లిక్ట్ అనేదే ఉండదు. ఇరవై ముప్పై మాడ్యూళ్లున్న యాప్‌కి ఇది వరం, కొత్త మాడ్యూల్ అంటే నాలుగు లైన్లు.

దానికి రోజువారీ ఖర్చు ఉంది. బ్రాంచ్ మారిన ప్రతిసారీ మళ్లీ జనరేట్ చేయాలి, మరిచిపోతే లేని ఫైళ్ల కోసం ఎర్రర్లు. టీమ్‌లో అందరి దగ్గరా టూల్ ఒకే వెర్షన్ ఉండాలి. పైకి కనబడనిది ఇంకొకటి: ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను మొత్తంగా గిట్‌ఇగ్నోర్‌లో వేస్తే, దాని లోపలే ఉండే ప్యాకేజ్ రిజాల్వ్‌డ్ ఫైల్ కూడా గిట్‌లోంచి పోతుంది. స్విఫ్ట్ ప్యాకేజీలు ఏ వెర్షన్ దగ్గర ఆగాలో చెప్పేది అదే. నా లాప్‌టాప్‌లో ఒక వెర్షన్, సీఐలో ఇంకో వెర్షన్ రావచ్చు. షేర్ చేసిన స్కీములు (ఏ టార్గెట్‌ను ఎలా బిల్డ్, టెస్ట్ చేయాలో చెప్పేవి) కూడా అక్కడే ఉంటాయి, వాటినీ యామల్‌లోకి మార్చుకోవాలి.

నా మాట ఇది: ముగ్గురు నుంచి పది మంది దాకా ఉన్న టీమ్‌కి ఎక్స్‌సీకాన్ఫిగ్, దానికి తోడు ఎక్స్‌కోడ్ 16 ఫోల్డర్లు. ఎక్స్‌కోడ్‌జెన్ లాంటి జనరేటర్‌కి మాడ్యూళ్లు పెరిగాక వెళ్లండి. అప్పుడూ ఈ శ్రమ వృథా పోదు, ఎక్స్‌కోడ్‌జెన్ యామల్‌లో అవే ఎక్స్‌సీకాన్ఫిగ్ ఫైళ్లను చూపించవచ్చు. బిల్డ్ నంబర్‌ను మాత్రం ఏ ఫైల్‌లోనూ రోజూ కమిట్ చేయకండి. సీఐలో ఎక్స్‌కోడ్‌బిల్డ్ కమాండ్‌కి నేరుగా ఇస్తే అది అన్ని స్థాయిల మీదా నెగ్గుతుంది.

మారేటప్పుడు ఒక్కో టార్గెట్‌కి ఒక్కో పుల్ రిక్వెస్ట్ చేయండి. మొదలుపెట్టే ముందు ఎక్స్‌కోడ్‌బిల్డ్ షోబిల్డ్‌సెట్టింగ్స్ కమాండ్‌తో డీబగ్‌కి, రిలీజ్‌కి విడివిడిగా విలువలన్నీ ఒక ఫైల్‌లోకి తీసుకోండి. పని అయ్యాక మళ్లీ తీసి రెండింటినీ డిఫ్ చేయండి. మేం అలా చేసినప్పుడు మొదటి టార్గెట్‌లో రెండు లైన్లు తేడా వచ్చింది. లింకర్ ఫ్లాగ్స్ దగ్గర ఇన్‌హెరిటెడ్ (పై స్థాయి విలువనూ కలుపుకో అని చెప్పే మాట) రాయడం మరిచిపోయాం, ప్రాజెక్ట్ స్థాయి ఫ్లాగ్స్ ఎగిరిపోయాయి. అది సరిచేసి, డిఫ్ ఖాళీగా వచ్చాకే మెర్జ్ చేశాం. ఆ పుల్ రిక్వెస్ట్ తెరిచింది ఆ సాయంత్రం నా సీటు దగ్గరికొచ్చిన అబ్బాయే.