ఆర్26 కోడ్లు: ఏళ్ల తరబడి వాడాక

2015 అక్టోబరు 1న అమెరికాలో జబ్బులకు, లక్షణాలకు కోడ్లు ఇచ్చే ఐసీడీ-10-సీఎం జాబితా వాడకం మొదలైనప్పటి నుంచి నడక ఇబ్బందులకు ఆర్26 కుటుంబమే దిక్కు. ఉన్నవి ఆరే కోడ్లు. కానీ చార్టులో, అంటే రోగి వైద్య రికార్డులో, నడక గురించి నాలుగు మాటలు లేకపోతే ఆ ఆరింటిలో ఒక్కటీ సరిగ్గా కుదరదు.

తూలుతూ నడిచే అటాక్సిక్ నడకకు ఆర్26.0, బిగుసుకున్న కాళ్లతో నడిచే స్పాస్టిక్ నడకకు ఆర్26.1. డాక్టరు ఆ మాట రాస్తే వీటితో పేచీ లేదు.

పేచీ అంతా ఆర్26.2 దగ్గరే. ‘నడవడం కష్టంగా ఉంది’ అన్న ప్రతి చార్టుకూ దీన్నే తగిలిస్తారు. పక్కనే ‘నిలబడితే ఊగుతున్నారు’ అని కనిపిస్తే ఆర్26.81 కూడా చేరుస్తారు. ఆర్26.2 కింద ఎక్స్‌క్లూడ్స్1 నోటు చూడండి: ఆర్26.81, పదేపదే పడిపోవడానికి వాడే ఆర్29.6 రెండూ అక్కడున్నాయి. అంటే దీంతో కలిపి అవి వేయకూడదు. రెండు సమస్యలకూ సంబంధం లేదని చార్టు చెబితేనే మినహాయింపు. తేలకపోతే డాక్టరుకు క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపాలి, మనం ఊహించకూడదు. నిలకడ లేకపోవడమే అసలు ఇబ్బంది అయితే ఆర్26.81 ఒక్కటే చాలు. ఈ కుటుంబంలో నాకు బాగా నచ్చిన కోడ్ ఇదే, చెప్పాల్సింది సూటిగా చెబుతుంది.

పడిపోవడంలోనూ తేడా ఉంది. ఈ మధ్యే పడ్డారు, కారణం వెతుకుతున్నారు అంటే ఆర్29.6. గతంలో పడ్డారు, మళ్లీ పడే ప్రమాదం ఉంది అంటే జెడ్91.81. సందర్భం ఉంటే ఈ రెండూ కలిపి వేయొచ్చు.

ఔట్‌పేషెంట్ చార్టులో ‘పార్కిన్సన్ కావచ్చు’ అని ఉంటే పార్కిన్సన్ కోడ్ వేయరాదు. ఆర్26 నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే. జబ్బు ఖాయమై, నడక మార్పు అందులో భాగమేనని తేలాక మాత్రం ఆర్26ను విడిగా వేయకూడదు. తల తిరగడం వల్ల తూలుతున్నారని రాస్తే ముందు ఆర్42 (తల తిరగడం), హెచ్81 (సమతుల్యత చూసే లోపలి చెవి సమస్యలు) వైపు చూడాలి.

ఇక చార్టు రాసేవాళ్లకు. ‘నడక అసాధారణం’ అని వదిలేస్తే ఆర్26.9 తప్ప ఇంకేమీ మిగలదు, దాంతో చికిత్స అవసరాన్ని నిలబెట్టడం కష్టం. అడుగుల మధ్య ఎడం, ఏ కాలు ఈడుస్తున్నారు, మలుపు తిరిగేటప్పుడు ఏమవుతోంది, కర్రా వాకరా, ఎంత సాయం కావాలి, ఇవన్నీ రాయండి. టీయూజీ (టైమ్డ్ అప్ అండ్ గో) పరీక్షలో కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వేయండి. 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే లెక్క. బ్యాలెన్స్‌ను కొలిచే బెర్గ్ పరీక్ష స్కోరును 56కు ఎంతో రాయండి. ‘బ్యాలెన్స్ పర్వాలేదు’ అనే మాటతో ఏ కోడూ రాదు.

నడక శిక్షణ అనే చికిత్సకు 97116 కోడ్‌తో బిల్లు చేస్తే నిమిషాలు తప్పనిసరి. యూనిట్ 15 నిమిషాలదే అయినా మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలో టైమ్ కోడ్ల, అంటే సమయాన్ని బట్టి బిల్లయ్యే కోడ్ల, నిమిషాలు మొత్తం 8 నుంచి 22 ఉంటే 1 యూనిట్, 23 నుంచి 37 ఉంటే 2. ఏడు నిమిషాలే చేస్తే ఒక్క యూనిట్ కూడా రాదు.