బ్లూమింగ్టన్ ఈగల స్టాక్ సెంటర్: సరుకు బాగుంది, ఆర్డర్ పెట్టేముందు ఒకటి చూసుకోండి

అరటిపండు మీద ముసిరే ఈగల్ని డబ్బులిచ్చి కొనడమేంటని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. కానీ జన్యులోపంతో పిల్లలకి వచ్చే బాటెన్ అనే నాడీజబ్బు మీద పనిచేసే మా చిన్న ల్యాబుకి, పరిశోధనకి ఈగల్ని పంపే అమెరికా ఇండియానా యూనివర్సిటీలోని ఈ సెంటర్ లేకపోతే పని మొదలే కాదు. 1986లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ నుంచి అక్కడికి మారింది, ఇప్పుడు 70 వేలకు పైగా ఈగ రకాలున్నాయి. మామూలుగా వీటిని ఫ్రీజర్‌లో పడేసి మర్చిపోవడం కుదరదు, అన్నిటినీ బతికుండగానే మేతున్న కొత్త వయల్స్‌లోకి (చిన్న గాజు సీసాల్లోకి) మారుస్తూ పోవాలి, ఆ చాకిరీ తెలిసినవాళ్ళకి ఫీజు ఎక్కువనిపించదు (కంపెనీలకి రేటు వేరే లెండి).

వెతుక్కోవడం తేలిక. వాళ్ళ సైట్‌లో 458 అనే స్టాక్ నంబరు కొడితే ఇలావ్ గాల్-4 వస్తుంది, అంటే నాడీకణాల్లో మనకి కావలసిన మార్పుని ఆన్ చేసే ఈగ. దాన్ని, పాడైతే బాటెన్ తెచ్చే సీఎల్‌ఎన్7 జన్యువుని అణిచే ఆర్‌ఎన్‌ఏఐ (జన్యువు పనిని తగ్గించే పద్ధతి) ఈగతో కలిపితే, ఆ జన్యువు నాడీకణాల్లో మాత్రమే తగ్గిన ఈగపిల్లలు 25 డిగ్రీల దగ్గర పది రోజులకల్లా చేతికొస్తాయి. ఇక పరీక్షంటారా, వయల్‌ని బల్ల మీద టకటకా కొట్టడమే. ఈగలన్నీ అడుక్కి పడతాయి, బాగున్నవి గాజుగోడ పట్టుకుని బిరబిరా ఎక్కేస్తాయి, నాడులు దెబ్బతిన్నవి సగంలోనే జారిపోయి మళ్ళీ కాళ్ళాడిస్తాయి. చూపు, నడక ఒక్కొక్కటే పోగొట్టుకునే పిల్లల జబ్బు ఇందులో మొత్తం కనబడుతుందని కాదు, ఏ జన్యువు దాన్ని ముదరబెడుతోందో, ఏది ఆపుతోందో వందల ఈగల్లో త్వరగా వడపోయొచ్చు.

లోటు సెంటర్‌ది కాదు, ఈగది. బాటెన్‌లో డజను రకాలకు పైనే ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో సీఎల్‌ఎన్ నంబరు. సీఎల్‌ఎన్1, 3, 7లకి ఈగలో సాటి జన్యువులున్నాయి, సీఎల్‌ఎన్2కి లేదు. తమాషా ఏంటంటే 2017లో అమెరికాలో అనుమతి వచ్చిన సెర్లిపొనేస్ ఆల్ఫా మందు ఆ సీఎల్‌ఎన్2కే, దానికి దారి చూపింది డాక్స్‌హుండ్ కుక్కలు. మా ఈగలవాళ్ళకి కొంచెం మంటే! అందుకే మీ జన్యువు ఈగలో ఉందో లేదో చూసుకున్నాకే కార్డు తీయండి.

ఇండియాకి తెప్పించడం మాత్రం టెన్షనే. మా పార్సెల్ ఒకటి ఎండాకాలంలో కొరియర్‌వాళ్ళ గోదాములో ఇరుక్కుపోయింది, తెరిచి చూస్తే ఫుడ్ నీరుగారి ఈగలన్నీ అందులో అతుక్కుపోయున్నాయి, ఎవరూ ఫోనెత్తలేదు. చలికాలంలో ఆర్డర్ పెట్టండి, అంతకంటే ముందు బెంగళూరు ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థ ఫ్లై ఫెసిలిటీలో దొరుకుతుందేమో అడగండి. వచ్చిన వయల్స్‌ని మైట్స్ (ఈగల్ని పట్టే సన్న పురుగులు) లేవని తేలేదాకా మిగతా ఈగల పక్కన పెట్టకండి.