ఇంట్లో చేసుకున్న విమానానికి జీపీఎస్, కంపాస్, పిటాట్: చాన్నాళ్లు వాడాక నా మాట

మాది పర్లాకిమిడి. కోతలయ్యాక ఖాళీ మడుల మీద రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ విమానం నాది, రెండు మీటర్ల రెక్క, ముందు మోటారు, లోపల ఆర్డుపైలట్ బోర్డు (విమానాన్ని తనంతట తాను నడపగల చిన్న కంప్యూటర్). అందులో మామూలు ఎం8ఎన్ జీపీఎస్ కంపాస్ మాడ్యూల్, డిజిటల్ ఎయిర్‌స్పీడ్ సెన్సర్ (ఎదురుగాలి ఒత్తిడిని పిటాట్ అనే గొట్టంతో పట్టి వేగం చెప్పేది) చాన్నాళ్లుగా వాడుతున్నా. రెండూ కొనొచ్చు. ఎంత ఖరీదైనది కొన్నా బిగించే చోటు సరిగ్గా లేకపోతే డబ్బు దండగ, ముఖ్యంగా కంపాస్.

ఒంటి తీగలో 20 ఆంపియర్లు పోతుంటే 10 సెంటీమీటర్ల దూరంలో పుట్టే అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాలు. మన వైపు భూమి క్షేత్రమే ఇంచుమించు అంత! ఇక థ్రాటిల్ పెంచి మోటారుకి ఎక్కువ కరెంటు పంపినప్పుడల్లా ఉత్తరం ఎటుందో ఆ కంపాస్‌కి ఏం తెలుస్తుంది? కిట్‌తో వచ్చే మడత స్టాండు మల్టీకాప్టర్లకి (పలు ప్రొపెల్లర్ల డ్రోన్లకి) బాగుంటుంది గానీ విమానం మీద గాలికి అడ్డం తప్ప లాభం లేదు. నేను బాడీకి జానెడున్నర దూరంలో, సర్వోకి (రెక్క పలకల్ని కదిపే చిన్న మోటారుకి) దూరంగా, రెక్కలో ఫోమ్ చెక్కి మాడ్యూల్ కూర్చోబెట్టాను. పెద్ద విమానాల్లో మాగ్నెటోమీటర్‌ని (కంపాస్ సెన్సర్‌ని) రెక్క చివరో తోక వైపో పెట్టేది కూడా ఇందుకే, కాకపోతే మన మాడ్యూల్‌ని అంత దూరం లాగితే కంపాస్ నుంచి బోర్డుకి వచ్చే ఐ2సీ సిగ్నల్ తడబడుతుంది. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరానికి) వెళ్లే ఎర్ర, నల్ల తీగల్ని కలిపి మెలిపెట్టండి, ఒకదాని క్షేత్రాన్ని రెండోది చాలావరకు కొట్టేస్తుంది.

మూత ఊడకుండా ఫోమ్ బాడీలో చిన్న అయస్కాంతాలు అతికించి అమ్ముతారు చూడండి, వాటి పక్కనే కంపాస్ పెట్టేసి కాలిబ్రేషన్ అవ్వట్లేదని మాడ్యూల్‌ని తిట్టేవాళ్లని చూశాను. స్క్రూలూ అంతే. బరంపురంలో ఒక షాపాయన "ఇత్తడివే బాబూ" అని ఇచ్చినవి ఇంటికొచ్చి చూస్తే అయస్కాంతానికి టక్కున అతుక్కున్నాయి, ఇత్తడి పైపూతే. ఇప్పుడు జేబులో అయస్కాంతం ముక్క వేసుకునే వెళ్తున్నా. నైలాన్‌వి దొరికితే ఆ టెన్షనే లేదు.

పిటాట్ గొట్టం ప్రొపెల్లర్ గాలి తగలనంత పక్కగా, రెక్క ముందంచు దాటి బయటికి ఉండాలి. పవర్ ఇచ్చేటప్పుడు దాని మీద వదులుగా గుడ్డ కప్పండి, లేదంటే అప్పుడు వీచే గాలినే సున్నా అనుకుని ఆ తర్వాత వేగం తప్పు చెబుతుంది. వానాకాలంలో విమానం మూలన పడి ఉంటుంది కదా, మట్టిగూళ్లు కట్టే కందిరీగలు ఆ గొట్టాన్ని వదలవు, పెన్ను క్యాప్ ఒకటి తొడిగి ఉంచండి.

బోర్డు మీది బారోమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే సెన్సర్), నా దాంట్లో ఎంఎస్5611 రకం, నేరుగా ఎండ పడినా గాలి కొట్టినా ఎత్తు తప్పు చూపిస్తుంది. నల్ల స్పాంజి ముక్క కప్పితే చాలు.

మాడ్యూల్‌కి ఐదులో నాలుగు స్టార్లు. కోసిన ఆ ఒక్కటీ దాంతో ఇచ్చిన ప్లాస్టిక్ కనెక్టర్‌కి, నాలుగుసార్లు తీసి పెడితే వదులైపోతోంది.