మటన్ వేడిగా ఉంచడానికి ఐస్ బాక్స్: ఏళ్లుగా వాడాక రాస్తున్న సమీక్ష

మేక తొడను నిప్పుల మీద కాల్చడం కన్నా, కాల్చాక చుట్టాలు వచ్చేదాకా దాన్ని వేడిగా, మెత్తగా నిలబెట్టడమే కష్టం. మాది చిత్తూరు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో ఏ లారీ వెనకో ఇరుక్కున్నారంటే భోజనం టైము తారుమారే. ఆ టెన్షన్ నాకు పోయింది మామూలు ఐస్ బాక్స్ వల్ల. కూల్ డ్రింకులు పెట్టుకునేదే, పాతిక లీటర్లది, గోడల మధ్య ఫోమ్ ఉంటుంది. బయటి వేడిని లోపలికి రానివ్వని గోడ లోపలి వేడిని మాత్రం బయటికి ఎందుకు పోనిస్తుంది? అమెరికాలోని టెక్సస్‌లో బ్రిస్కెట్, అంటే గొడ్డు రొమ్ము మాంసం, కాల్చేవాళ్లు ఇళ్లల్లో చేసే పనే ఇది, నేను మన మేక తొడకి వాడుతున్నాను.

ఇంట్లో హాట్‌ప్యాక్ ఉంది కదా అనొచ్చు. తొడ అందులో పట్టదు. ముక్కలు కోసి పెడితే రసం అంతా అడుగుకి దిగి పైముక్కలు ఎండిపోతాయి.

లోపల థర్మామీటర్ 90 డిగ్రీల సెల్సియస్ చూపించి, పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగితే తొడ దించేస్తాను. దించగానే మాత్రం చుట్టకండి. పళ్లెంలో పది పదిహేను నిమిషాలు ఊరికే వదిలేయండి, ఆవిరి తగ్గేదాకా, లేదంటే చుట్టాక కూడా లోపల ఉడుకుతూనే ఉండి మాంసం పీచుపీచుగా విడిపోతుంది. ఈలోపు బాక్సులో బాగా వేడినీళ్లు పోసి మూత పెట్టి ఉంచాలి, తొడ పెట్టే ముందు పారబోసి తుడవాలి. ఈ పని మానేస్తే చల్లటి గోడలే మొదట వేడిని లాగేసుకుంటాయి.

మా మసాలాలో పెరుగు, నిమ్మరసం ఉంటాయి కాబట్టి ఫాయిల్‌ను మాంసానికి నేరుగా తగలనివ్వను. పులుపు, ఉప్పు కలిసి అల్యూమినియాన్ని తింటాయి, ఎక్కువసేపుంటే ఫాయిల్‌కి సన్న బొక్కలు కూడా పడతాయి. సెగ చూపించి వాడ్చిన అరటాకులో ముందు చుట్టి, దాని మీద రెండు వరసలు ఫాయిల్ వేస్తాను. మేక తొడలో కొవ్వు తక్కువ, అందుకని చుట్టే ముందు కాస్త వేరుశనగ నూనె రాస్తే మేలు. ఎముక కొన ఉన్నచోట ఫాయిల్ మడతపెట్టి మందంగా వేయాలి, పల్చటి కిచెన్ ఫాయిల్ అక్కడే చిరుగుతుంది. తర్వాత పాత టర్కీ టవల్స్ అడుగున, పైన, పక్కల్లో కూరి ఖాళీ లేకుండా చేయాలి. పెద్ద బాక్సులో చిన్న తొడ పెడితే ఇంత వేడి నిలవదు.

వైరున్న థర్మామీటర్ ప్రోబ్ (గుచ్చే పుల్ల) మాంసంలో గుచ్చి వైరును మూత సందులోంచి బయటికి తీస్తే, తెరవకుండానే సంగతి తెలుస్తుంది. మా బాక్సులో మూడు గంటల తర్వాత కూడా 65 పైనే ఉంటుంది. 60కి వచ్చిందంటే తినేయాలి, లేదా మళ్లీ బాగా వేడి చేయాలి, దాని కింద సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు తినేది, ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. థర్మామీటర్ లేకుండా ఈ పద్ధతి మొదలుపెట్టొద్దని కూడా చెబుతాను.

ఇక ఫలితం. ఫాయిల్ విప్పగానే ఆకు పసరు, మసాలా, మామిడి కట్టె పొగ, అన్నీ కలిసిన వాసన వస్తుంది, ఆకు మడతల్లో గరిటెడు రసం ఉంటుంది, వేలితో ముట్టుకుంటే జిగటగా అంటుకుంటుంది. కీళ్ల దగ్గరి జిగురంతా కరిగి జెలటిన్ అయిందన్నమాట. వేడి కొంచెం తగ్గేకొద్దీ ఆ రసం చిక్కబడుతుంది, అందుకే కత్తి పెట్టినప్పుడు చెక్క మీదికి కారిపోకుండా మాంసంలోనే ఉంటుంది. రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఆ రసం పోసుకుని తిని చూడండి, పులుసు అక్కర్లేదు! ఉప్పు మాత్రం ముందు రుచి చూసుకోండి, అందులోకి చాలానే దిగి ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. పైన కరకరలాడే పొర మెత్తబడుతుంది, వడ్డించే ముందు మంచి నిప్పుల మీద అటూ ఇటూ రెండేసి నిమిషాలు తిప్పితే చాలావరకు తిరిగి వస్తుంది. బాక్సుకి మసాలా వాసన పడుతుంది, సోడా ఉప్పుతో కడిగి ఎండలో మూత తీసి పెట్టినా పూర్తిగా పోదు, పాలు పెరుగు పెట్టుకునే బాక్సు వేరే ఉంచుకోవాల్సిందే. టవల్ లేకుండా వేడి ఫాయిల్ ఆనించిన చోట లోపలి ప్లాస్టిక్ ఉబ్బింది. మూత బిజాగరీ కూడా ఊడింది, కొన్నచోట అడిగితే వారంటీలో రాదన్నారు, ఇప్పుడు మూత మీద బరువు పెడుతున్నాను. కొనేటప్పుడు మూత చుట్టూ రబ్బరు ఉందా, గట్టిగా పడుతోందా అని చూసుకోండి, బ్రాండ్ కన్నా అదే ముఖ్యం.

చికెన్‌కి ఇది వాడొద్దు. లెగ్ పీసులు చుట్టి పెడితే చర్మం సాగుతుంది, రుచి పోతుంది. వాటిని చివర్లో, చుట్టాలు చేతులు కడుక్కుంటుండగా కాల్చి నేరుగా ప్లేట్లలో వేయడమే మంచిది.