ఫెయిర్ ఫుడ్ ముద్ర: టమాటా కూలీల హక్కులకు ప్రార్థనా సంఘాలు దన్నుగా నిలిచిన ఒక ఏర్పాటుపై సమీక్ష

అమెరికాలోని కొన్ని కిరాణా దుకాణాల్లో టమాటాలపై 2014 నుంచి ‘ఫెయిర్ ఫుడ్’ అనే ముద్ర కనిపిస్తోంది. కొనేవారి బలంతో నడుస్తున్నదనీ, ధ్రువీకరించేది కార్మికులేననీ ఆ ముద్ర చెప్పుకుంటుంది. పండు రుచిగా ఉంటుందనో, రసాయన ఎరువులు వేయకుండా పండించారనో అది ఎక్కడా అనదు. కోసిన మనిషిని చట్టబద్ధంగా, మర్యాదగా చూశారన్న ఒక్క హామీనే ఇస్తుంది కాబట్టి ఈ సమీక్ష కూడా ఆ హామీ ఎంత గట్టిదన్న దాని గురించే. టమాటా సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఫ్లోరిడాలో శీతాకాలంలో పచ్చిగా కోసి తరువాత ముగ్గబెట్టే గట్టి రకమే ఇదీనూ. ముద్ర పడినంత మాత్రాన రుచి పెరగలేదు.

ఈ హామీ ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఫ్లోరిడా నైరుతి మూలనున్న ఇమ్మోకలీ అనే ఊరి పరిస్థితి చూడాలి. అక్కడి టమాటా తోటల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, హైతీల నుంచి వచ్చిన వలస కూలీలు. కార్మిక సంఘాలకు రక్షణనిచ్చిన 1935 నాటి సమాఖ్య చట్టం వ్యవసాయ కూలీలను పక్కన పెట్టింది. 1938 నాటి వేతన చట్టం కింద అదనపు గంటలకు అదనపు కూలి పొందే హక్కు వారికి నేటికీ లేదు. 32 పౌన్ల టమాటాలు పట్టే బకెట్టు నింపి, భుజాన వేసుకుని లారీ దాకా మోసుకెళ్లి అందిస్తే దక్కేది దాదాపు 50 సెంట్లు. వంద బకెట్లు మోస్తే 50 డాలర్లన్నమాట. పైగా బకెట్టు అంచు దాటి కుప్పగా పోయకపోతే మేస్త్రీ లెక్కలో వేసుకునేవాడు కాదు. ఆ కుప్పకు పైసా కూలి ఉండేది కాదు. రోజంతా కలిపి చూస్తే మనిషి ఎన్నో బకెట్ల పని ఊరికే చేసినట్టయ్యేది.

1993లో కొందరు కూలీలు ఊరి చర్చిలో ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవడంతో ‘ఇమ్మోకలీ కార్మికుల కూటమి’ మొదలైంది. 1997 చివర ఆరుగురు కూలీలు ముప్పై రోజులపాటు నిరాహార దీక్ష చేశారు. అయినా రైతులు పెద్దగా దిగిరాలేదు, ఎందుకంటే ధర నిర్ణయించేది రైతులు కాదు, వారి దగ్గర టన్నుల లెక్కన కొనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థలు. ఈ సంగతి గ్రహించిన కూటమి 2001లో టాకో బెల్‌ను బహిష్కరించాలని పిలుపునిచ్చింది. అడిగింది పౌనుకు ఒక్క సెంటు అదనం, దానితోపాటు ఒక ప్రవర్తనా నియమావళి.

ప్రార్థనా సంఘాల పాత్ర అసలైన బరువు సంతరించుకున్నది ఇక్కడే. 2002లో ప్రెస్బిటేరియన్ చర్చి జాతీయ మహాసభ ఆ బహిష్కరణను సమర్థిస్తూ తీర్మానం చేసింది. టాకో బెల్ మాతృసంస్థ యమ్ బ్రాండ్స్ ప్రధాన కార్యాలయమూ, ఆ చర్చి ప్రధాన కార్యాలయమూ కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలోనే ఉండటంతో, ఫ్లోరిడా పొలాల గొడవ కాస్తా కంపెనీ గుమ్మం ముందుకే వచ్చింది. తరువాత చర్చిల జాతీయ మండలి కూడా గొంతు కలిపింది. ఊరూరా ఉన్న సంఘాల సభ్యులు తాము తినే చోటును మార్చుకున్నారు, యాత్రలుగా వచ్చిన కూలీలకు చర్చి హాళ్లలో పడుకోవడానికి చోటిచ్చారు, భోజనాలు పెట్టారు. నిజానికి ఈ చివరి పనిని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, వందల మైళ్లు ప్రయాణించి వచ్చిన పేదవాళ్ల ఉద్యమం ఎన్నాళ్లు సాగుతుందన్నది చాలావరకు రాత్రిపూట బసను బట్టే ఉంటుంది. 2005 మార్చిలో యమ్ బ్రాండ్స్ ఒప్పందం చేసుకుంది. 2007లో మెక్‌డొనాల్డ్స్, 2008లో బర్గర్ కింగ్ అదే దారి పట్టాయి. రైతుల సంఘం మాత్రం అదనపు సెంటును కూలీలకు అందనీయకుండా చాలాకాలం అడ్డుపడి, 2010 నవంబరులో దిగివచ్చింది.

ఈ ఒప్పందాలను పాటించే పొలాల టమాటాలకే ఫెయిర్ ఫుడ్ ముద్ర పడుతుంది. నా దృష్టిలో ఈ ముద్ర విలువ అక్కడి నుంచి నడుస్తున్న అమలు పద్ధతిలో ఉంది. మతసంస్థలు ఇచ్చే నైతిక ధ్రువపత్రాలు చాలావరకు సంతకాలతో ఆగిపోతాయి. ఇందులో అలా కాదు. నియమాల అమలును చూడటానికి సరసోటా కేంద్రంగా ‘ఫెయిర్ ఫుడ్ స్టాండర్డ్స్ కౌన్సిల్’ అనే విడి సంస్థ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో న్యాయమూర్తిగా పనిచేసిన లారా సేఫర్ ఎస్పినోజా దానికి నాయకత్వం వహించారు. తనిఖీకి వెళ్లినప్పుడు పొలంలో ఉన్న కూలీల్లో కనీసం సగం మందితో మాట్లాడతారు. ఫిర్యాదు చేయడానికి ఇరవైనాలుగు గంటలూ పనిచేసే ఫోన్ ఉంది, అవతల ఎత్తేది తనిఖీ చేసే మనిషే. హక్కుల గురించి తోటి కూలీలే వచ్చి చెబుతారు, ఆ సమయానికీ కూలి కట్టాలి. బలవంతపు చాకిరీ, బాలకార్మికులు, లైంగిక దాడి వంటివి బయటపడి సరిదిద్దకపోతే, ఒప్పందం చేసుకున్న సంస్థలన్నీ ఆ పొలం నుంచి కొనడం మానేయాలి. రైతును భయపెట్టేది ఈ చివరి నియమమే, ఉపన్యాసాలు కావు.

దీని ఫలితం పొలంలో కంటికి కనిపిస్తుంది. బకెట్టును అంచు వరకే నింపుతారు. గంటలు మేస్త్రీ నోటిలెక్క మీద కాకుండా గడియారం యంత్రం మీద నమోదవుతాయి. ఎండలో నిలబడటానికి నీడ పందిరి, తాగునీరు ఉంటాయి. వేడి నెలల్లో రెండు గంటలకోసారి తప్పనిసరి విరామం ఉంటుంది. స్థానిక ప్రభుత్వాలు సొంతంగా ఎండ రక్షణ నియమాలు పెట్టకూడదని ఫ్లోరిడా 2024లో చట్టం చేసిన నేపథ్యంలో ఈ ఒప్పంద నియమం ఎంత విలువైందో వేరే చెప్పనక్కరలేదు. అదనపు సెంటు కూలి చీటీలో విడి పద్దుగా కనిపిస్తుంది. అలా 2011 నుంచి చెల్లించిన మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది.

ఇక లోపాలు. మొదటిది, ముద్ర దొరకడమే కష్టం. 2014లో వాల్‌మార్ట్ చేరినప్పటికీ, కొన్న సంస్థ ఒప్పందంలో ఉన్నంత మాత్రాన ప్రతి డబ్బా మీదా ముద్ర వేయరు. నేను తరచూ వెళ్లే ఒక దుకాణంలో కూరగాయలు సర్దే కుర్రాడిని అడిగితే, అది సేంద్రియ సాగు గుర్తు కాబోలని సమాధానం చెప్పాడు. తప్పు అతనిది కాదు. ముద్ర చూసి కొనేవారికి అది వేటిని పట్టించుకుంటుందో డబ్బా మీద నాలుగు మాటల్లో రాసి ఉండాల్సింది. రెండోది, పౌనుకు సెంటు అంటే బకెట్టుకు 32 సెంట్లు రావాలి కదా అని లెక్క వేసుకునేవారికి నిరాశ తప్పదు. ఒప్పందంలో ఉన్న సంస్థలు కొన్న సరుకు మేరకే అది వస్తుంది కాబట్టి కూలీ చేతికి అందేది అంతకంటే బాగా తక్కువ. ఇది గౌరవాన్నీ భద్రతనూ తెచ్చింది, పేదరికాన్ని తీర్చలేదు. మూడోది, కాగితాలు లేని కూలీకి వలస అధికారుల భయం పొలం గట్టు దాటగానే మళ్లీ మొదలవుతుంది, దానికి ఈ ఏర్పాటు దగ్గర మందు లేదు.

పైగా ప్రార్థనా సంఘాల ఒత్తిడి అన్నిచోట్లా పనిచేయలేదు. ఫ్లోరిడాకే చెందిన పబ్లిక్స్ దుకాణాల ప్రధాన కార్యాలయం ముందు 2012 మార్చిలో కూలీలు, వారి మద్దతుదారులు ఆరు రోజులు ఉపవాసం చేసినా ఆ సంస్థ ఒప్పందానికి రాలేదు. 2016లో కూటమి బహిష్కరణకు పిలుపునిచ్చిన వెండీస్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థదీ అదే తీరు. ‘ట్రువా’ అనే సంస్థలోని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఏళ్లతరబడి ఇమ్మోకలీకి వెళ్లి, కూలీల మాట విని, తమ సమాజ మందిరాల్లో ఆ సంగతులు చెప్పి, దుకాణాల మేనేజర్లకు ఉత్తరాలు అందిస్తున్నారు. వారి శ్రద్ధకు నమస్కరించవలసిందే. అయినా యమ్ బ్రాండ్స్ విషయంలో కలిసివచ్చినట్టు సంస్థకు దాని సొంత ఊళ్లోనే, సొంత ఖాతాదారుల నుంచే సెగ తగలనప్పుడు ఉపవాసాలను కూడా పట్టించుకోకుండా ఉండగలరని ఈ రెండు సంస్థలు చూపించాయి.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ కొనేవారికి సమాచారం చేరవేయడంలో ఉన్న అలసత్వానికి. అమెరికాలో ఉండి టమాటాలు కొనేవారు ముద్ర కనిపిస్తే తీసుకోవచ్చు. కనిపించకపోతే ఫెయిర్ ఫుడ్ సరుకు తెప్పించమని ఒక కాగితం మీద రాసి దుకాణం మేనేజర్‌కు ఇవ్వడం మేలు, దానికి ఏ చర్చిలోనూ, ఏ మందిరంలోనూ సభ్యత్వం ఉండనక్కరలేదు.