జర్మనీలో మూడు గంజాయి మొక్కలు: బాల్కనీలోనా, టెంట్‌లోనా?

జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక్కొక్కరూ ఇంట్లో 3 గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. అక్కడ కనీసం 6 నెలలుగా ఉంటూ ఉండాలి. పిల్లలకూ బయటివాళ్లకూ అందకుండా చూడాలని చట్టమే చెబుతోంది. (మన దగ్గర లైసెన్సు లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే.)

బాల్కనీ కుండీకి ఖర్చు తక్కువ. కానీ పూత వచ్చిందంటే వాసన పక్కింటిదాకా పోతుంది. కిటికీ బాగుచేయడానికి వచ్చినతను మొక్కల పక్కనే నిలబడి పనిచేస్తాడు, మనకు టెన్షన్.

టెంట్‌కి (గదిలో మొక్కలు పెంచడానికి పెట్టుకునే, జిప్పులున్న గుడ్డ గూడు) లైటు, ఫ్యాను, వాసన పీల్చే కార్బన్ ఫిల్టర్ కావాలి, కరెంటు బిల్లూ పెరుగుతుంది. అయినా నా ఓటు దీనికే. రెండు జిప్పులూ కలిపి చిన్న తాళం వేస్తే సరి. పొగ అలారం పనిచేస్తోందో లేదో చూసేవాళ్లు పడగ్గదిలోకీ వస్తారు. ఆ అలారం కింద మాత్రం టెంట్ పెట్టకండి.