ఒక యాంటెన్నా, మూడు స్కానర్లు: ఎలా పంచితే మేలు?

మా ఇల్లు అల్లవరం మండలంలో, సముద్రానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. డాబా మీద ఇనుప గొట్టానికి 9 మీటర్ల ఎత్తున ఒక డిస్కోన్ యాంటెన్నా (చాలా ఫ్రీక్వెన్సీలను ఒకటే అందుకునే రకం), కింది గదిలో బల్ల మీద మూడు స్కానర్లు, అంటే ఫ్రీక్వెన్సీలను వరుసగా వెతికి వినిపించే రిసీవర్లు, ఉన్నాయి. విమానాల మాటలు నడిచే 118–137 మెగాహెర్ట్జ్‌కు ఒకటి, ఓడలూ రేవులూ వాడే 156–162 మెగాహెర్ట్జ్‌కు ఒకటి, హామ్‌ల (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవారి) 144–146 మెగాహెర్ట్జ్‌కు ఒకటి. రిసీవరు ఉంచుకోవడానికీ వినడానికీ కావలసిన అనుమతుల సంగతి ఎవరికి వారు చూసుకోవలసినదే. ఇక్కడ తేల్చవలసింది ఆ ఒక్క యాంటెన్నాను ఈ మూడింటికీ ఎలా పంచాలన్నది.

మూడు యాంటెన్నాలు వేసుకుంటే పోలేదా అని అడగవచ్చు. మెట్ట ప్రాంతంలో అయితే నేనూ అదే చెప్పేవాడిని. 1996 నవంబరు 6 తుఫానుకు కొబ్బరితోటలు నేలకూలిన సీమ ఇది. ఇక్కడ ప్రతి గొట్టానికీ స్టే తీగలు, ప్రతి కేబులుకూ ఎర్తింగు, ప్రతి కనెక్టరుకూ ఉప్పుగాలి నుంచి కాపుదల కావాలి. పోయిన వానాకాలం తరువాత పైనున్న కనెక్టరు విప్పి చూస్తే మధ్య తీగ మీద పచ్చని చిలుము పట్టి ఉన్నది, చుట్టూ ఉన్న అల్లిక తీగ వేలితో తాకగానే పొడిగా రాలింది. ఒక్క కేబులుకే ఇంత సేవ చేయవలసి వస్తుంటే మూడింటి జోలికి పోవడం నాకు ఇష్టం లేకపోయింది.

అన్నిటికన్నా చవకైనది టీ కనెక్టరు, అంటే ఒక కేబులును రెండుగా చీల్చే T ఆకారపు ముక్క. 50 ఓముల (సిగ్నల్‌కు రిసీవరు చూపే నిరోధం) రిసీవర్లు రెండింటిని పక్కపక్కన కలిపితే యాంటెన్నాకు 25 ఓములు కనబడతాయి; ఆ పొసగనితనం వల్ల పోయేది అర డెసిబెల్ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) మాత్రమే కాబట్టి దానికి భయపడనక్కరలేదు. అసలు చిక్కు వేరు. టీలో ఒక రిసీవరుకూ మరొక దానికీ మధ్య అడ్డు ఏమీ ఉండదు. నా పాత స్కానరు ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ (వచ్చిన సిగ్నల్‌ను లోపల మార్చుకునే ఫ్రీక్వెన్సీ) 10.7 మెగాహెర్ట్జ్, లోపలి ఆసిలేటరు, అంటే తానే ఒక సిగ్నల్‌ను పుట్టించే భాగం, వినే ఫ్రీక్వెన్సీకి అంత కిందుగా నడుస్తుంది. అది ఓడల పదవ ఛానెల్ 156.500 మీద ఆగినప్పుడల్లా పక్క రిసీవరులో, అంతరిక్ష కేంద్రం నుంచి వచ్చే హామ్ సిగ్నల్ కోసం పెట్టుకున్న 145.800 మీద, స్కెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొదను మూసి ఉంచే ఏర్పాటు) తెరుచుకుని మాట లేని నిశ్శబ్దం వినిపించేది. అంతరిక్ష కేంద్రం వచ్చిందేమోనని రెండు వారాలు మురిసిన తరువాత గాని తీసివేత లెక్క తట్టలేదు: 156.5 లోంచి 10.7 పోతే సరిగ్గా 145.8. టీ కనెక్టరు ఆ సాయంత్రమే డ్రాయరులోకి వెళ్ళింది.

తరువాతిది స్ప్లిట్టరు, అంటే ఒక కేబులులోని సిగ్నల్‌ను పలు దారులకు పంచే చిన్న పెట్టె. కేబుల్ టీవీ కొట్లో దొరికే, పైన 5–1000 మెగాహెర్ట్జ్ అని ముద్రించి ఉన్న రకం దీనికి సరిపోతుంది. డిష్‌కు వాడే 950–2150 రకం పనికిరాదు. రెండు దారుల స్ప్లిట్టరులో ఒక్కొక్క దారికి సుమారు 3.5 డెసిబెల్, అంటే సిగ్నల్‌లో సగానికి పైగా పోతుంది. నాలుగు దారులైతే సుమారు 7. అయితే ఒక దారి నుంచి మరొక దారికి పాకే సిగ్నల్ 20 డెసిబెల్ దాకా తగ్గిపోతుంది గనుక ఆసిలేటర్ల పోరు దాదాపు తీరుతుంది. ఇది 75 ఓములది, రిసీవరు 50 ఓములది కదా అని వెనకాడేవారున్నారు. ఆ తేడా వల్ల కలిగే నష్టం 0.2 డెసిబెల్‌కు లోపే.

మరి ఆ 3.5 డెసిబెల్ మాటేమిటి? దానికి జవాబు స్ప్లిట్టరులో కాక కేబులులో ఉన్నది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర 25 మీటర్ల ఆర్‌జీ-58 కేబులు సుమారు 5 డెసిబెల్ మింగుతుంది. అదే పొడవు ఆర్‌జీ-6, అంటే మామూలు టీవీ కేబులు, 2 డెసిబెల్ పైచిలుకుతో సరిపెడుతుంది. కేబులు మార్చినప్పుడు మిగిలినదే స్ప్లిట్టరుకు కట్టవలసిన సుంకానికి ఇంచుమించు సరిపోయింది.

పైగా మూడు దారుల టీవీ స్ప్లిట్టరు సాధారణంగా సమానంగా పంచదు: ఒక దారికి 3.5, మిగిలిన రెండింటికి చెరి 7 డెసిబెల్ నష్టం దాని మీదే రాసి ఉంటుంది. దీన్ని లోపమనుకుని పారేయకూడదు. పది కిలోమీటర్ల ఎత్తున చెన్నై–కోల్‌కతాల మధ్య ఎగిరే విమానానికీ మా యాంటెన్నాకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్ల దాకా అడ్డు ఉండదు; దగ్గరగా వచ్చినప్పుడు ఆ సిగ్నల్ 7 డెసిబెల్ పోయినా చెక్కుచెదరదు. ఓడ సంగతి అలా కాదు. 25 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉన్న ఓడ మాకు సుమారు 33 కిలోమీటర్ల వరకే సూటిగా అందుతుంది, ఆ అంచున ఒక్క డెసిబెల్ కూడా విలువైనదే. అందుచేత 3.5 దారి ఓడల రిసీవరుకు, 7 దారులు మిగతా రెండింటికీ ఇచ్చాను.

యాంప్లిఫయరుతో కలిపి వచ్చే మల్టీకప్లరు (సిగ్నల్‌ను పెంచి పలు రిసీవర్లకు పంచేది) గురించి నా అభిప్రాయం కొంచెం కటువైనది. దాన్ని గదిలో, కేబులు చివర పెడితే కేబులులో పోయినదాన్ని అది తిరిగి తేలేదు. సిగ్నల్‌తోపాటు రొదనూ పెంచుతుంది. పైన యాంటెన్నా దగ్గర పెడితే నిజంగా ఉపయోగమే, కానీ ఉప్పుగాలీ పిడుగూ ముందుగా పలకరించేది దాన్నే. ఇక ఎఫ్‌ఎం స్టేషన్ల బెడద. ఉక్కపోసే రాత్రుల్లో, గాలి స్తంభించినప్పుడు, బంగాళాఖాతం మీదుగా దూరపు ఎఫ్‌ఎం స్టేషన్లు కూడా ఊళ్ళో ఉన్నంత గట్టిగా వస్తాయి. యాంప్లిఫయరు వాటిని భరించలేక లేని సిగ్నల్‌లను పుట్టిస్తుంది: 106 మెగాహెర్ట్జ్ రెట్టింపులోంచి 92 తీసివేస్తే 120, అది విమానాల పట్టీలోనే పడుతుంది. 88–108 ను ఆపే ఫిల్టరు ముందుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అన్నిటినీ మించి, తుఫాను తరువాత రోజుల తరబడి కరెంటు ఉండదు. స్కానరు బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కరెంటు అందని మల్టీకప్లరు మాత్రం అన్నిటినీ ఒకేసారి మూగవాటిని చేస్తుంది. స్ప్లిట్టరుకు కరెంటుతో పని లేదు. ఐదారు రిసీవర్లు ఉన్నవారికి మాత్రం మల్టీకప్లరు తప్పదు. వారు ఫిల్టరుకూ విడి బ్యాటరీకీ కలిపి డబ్బు కేటాయించుకోవాలి.

ఫ్రీక్వెన్సీని బట్టి విడదీసే డైప్లెక్సరులో నష్టం అర డెసిబెల్ లోపే గాని, అది 144, 430 వంటి దూరపు పట్టీలకు చక్కగా పనిచేస్తుంది. 137, 144, 156 లాగా పక్కపక్కనున్నవాటిని విడదీయడం దానికి కష్టం. ఇంకొక దారి సాఫ్ట్‌వేర్ రిసీవరు, అంటే కంప్యూటరుకు తగిలించే చిన్న డాంగిల్‌తో వినడం. ఆర్‌టీఎల్ రకం డాంగిల్ ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పును చూస్తుంది కాబట్టి, 156, 157 దగ్గరున్న ఓడల ఛానెళ్ళు చాలావాటిని ఒక్క డాంగిల్‌తోనే వినవచ్చు. 162 దగ్గరున్న ఓడల ఏఐఎస్ సిగ్నల్‌కు (ఓడ తన పేరూ స్థానమూ తెలిపేది) మాత్రం రెండవది కావాలి, అప్పుడు మళ్ళీ స్ప్లిట్టరే.

స్ప్లిట్టరు బిగించేటప్పుడు ఖాళీగా ఉన్న దారికి 75 ఓముల టెర్మినేటరు (దారిని మూసే చిన్న మూత) పెట్టాలి. పవర్ పాస్ అని రాసి ఉన్న దారికి, కేబులులోకి కరెంటు పంపే డాంగిల్‌ను తగిలించకూడదు. వీటికన్నా ముఖ్యమైనది ఒకటున్నది: ప్రసారం చేసే సెట్టును స్ప్లిట్టరుకు ఎన్నడూ కలపరాదు. 20 డెసిబెల్ అడ్డు ఉన్నా, 25 వాట్ల సెట్టు మీట నొక్కితే పక్క రిసీవరులోకి పావు వాటు చేరుతుంది. అది దాని ముందు భాగాన్ని కాల్చివేయవచ్చు. అందుకే మా ఇంట్లో హామ్ సెట్టు యాంటెన్నా వేరుగా, డాబా రెండవ చివర పిట్టగోడకు బిగించి ఉన్నది.